మాజీ సైనికుల వైద్యం: హక్కా, దయా?

ఈసారి వ్యాసం కొంచెం పెద్దది. టీ పక్కన పెట్టుకుని చదవండి.

మాది యానాం. ఇంజనీరింగ్ చదవడానికి పుదుచ్చేరి వచ్చి, చదువు అయ్యాక ఇక్కడే గది తీసుకుని సివిల్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను. పొద్దున్నే బీచ్ రోడ్డులో నడక నాకు అలవాటు. గాంధీ విగ్రహం దగ్గర్లో తెల్లటి స్తంభాల మధ్య తలవంచుకుని నిలబడ్డ సైనికుడి విగ్రహం ఒకటి ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ తరఫున చనిపోయిన ఫ్రెంచి ఇండియా సైనికుల స్మారకం అది. ఏటా జులై 14న అక్కడ పూలగుచ్ఛాలు పెడతారు. ఛాతీ మీద పతకాలు పెట్టుకున్న పెద్దవాళ్లు కొందరు వస్తారు. వాళ్లు ఫ్రెంచి సైన్యంలో పనిచేసి పెన్షన్ తీసుకుంటున్నవాళ్లు. అదే ఊళ్లో, అదే వయసులో, భారత సైన్యంలో పనిచేసి రిటైరైనవాళ్లూ ఉన్నారు. ఒకే వీధిలో ఇద్దరు మాజీ సైనికులు, ఇద్దరికీ జబ్బు చేస్తే తలుపు తట్టే ప్రభుత్వాలు వేరు.

జీఎస్ పేపర్ 2లో "బలహీన వర్గాల సంక్షేమ పథకాలు" కింద మనం ఈసీహెచ్‌ఎస్ గురించి రెండు లైన్లు బట్టీపడతాం. ఎప్పుడు మొదలైంది, ఏ శాఖ కింద ఉంది, అంతే. ఆ రెండు లైన్ల వెనకున్న చరిత్ర చూస్తే, మాజీ సైనికులకు ప్రభుత్వ వైద్యం తగ్గిపోతోందన్న ఆందోళన ఎక్కణ్ణుంచి వస్తోందో తెలుస్తుంది. నాకు అర్థమైనంతలో అసలు చిక్కు డబ్బు ఒక్కటే కాదు. "మాజీ సైనికుడు" అంటే ఎవరు, అతని వైద్యం ప్రభుత్వం తీర్చాల్సిన బాకీయా లేక చేసే మేలా అన్నది మనం ఎన్నడూ సూటిగా తేల్చుకోలేదు.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. యూరోపియన్ కంపెనీల కోసం తుపాకీ పట్టిన సిపాయిల కథలో ఈ ఊరిది మొదటి వరస. డూప్లే కాలంలో, 1746 అడయారు యుద్ధంలో, ఫ్రెంచివాళ్ల కింద శిక్షణ పొందిన చిన్న దళం ఆర్కాటు నవాబు పెద్ద సేనను చెదరగొట్టింది. అది చూసి ఇంగ్లీషువాళ్లూ అదే దారి పట్టారు. ఉత్తరాదిన కంపెనీ సిపాయిని చాలాకాలం "తిలంగా" అన్నారు. తెలుగు నేల నుంచి వెళ్లిన సిపాయిల వల్ల వచ్చిన మాట అది. (తర్వాత "యుద్ధ జాతుల" సిద్ధాంతం పేరుతో రాబర్ట్స్ లాంటి సేనాధిపతులు మద్రాసు సైన్యాన్ని కుదించేసి, తెలుగువాళ్లను దాదాపు పక్కన పెట్టేశారు. అది వేరే వ్యాసం.)

మరి ఆ సిపాయి ముసలివాడైతే? 1770లో ఏర్పడిన లార్డ్ క్లైవ్ నిధి గురించి మీరు వినే ఉంటారు. బెంగాల్ నవాబు మీర్ జాఫర్ తనకు వదిలిపోయిన 5 లక్షల రూపాయలతో క్లైవ్ మొదలుపెట్టిన నిధి. గాయపడిన కంపెనీ సైనికులకు, చనిపోయినవాళ్ల వితంతువులకు సాయం చేయడం దాని ఉద్దేశం. సొమ్ము బెంగాల్‌ది, సాయం మాత్రం యూరోపియన్ అధికారులకు, సైనికులకు. దేశీ సిపాయికి విడిగా ఇన్‌వాలిడ్ పెన్షన్లు, కొన్నిచోట్ల భూములు ఇచ్చారు. అంటే ముసలి సైనికుడికి కంపెనీ అసలేమీ చేయలేదనడం తప్పు. చేసింది. కానీ ఎవరికి ఎంత, ఎందుకు అన్నది కంపెనీ ఇష్టం. ఈ "ఇష్టం" అన్న మాట గుర్తుపెట్టుకోండి, వ్యాసమంతా మన వెంటే వస్తుంది.

ఇప్పుడు 1919కి రండి. నోట్సులో ఈ సంవత్సరం కింద మనం జలియన్‌వాలాబాగ్, రౌలట్ చట్టం, మాంటేగు–చెమ్స్‌ఫర్డ్ రాసుకుంటాం. దాని పక్కనే ఇంకో రెండు రాసుకోండి.

ఒకటి, ఫ్రాన్స్ 1919 మార్చి 31న చేసిన చట్టం. యుద్ధంలో లక్షల మంది కాళ్లూ చేతులూ పోగొట్టుకుని ఇళ్లకు వచ్చారు. అప్పటిదాకా వాళ్లకు అందేది సాయం. ఈ చట్టం దాన్ని హక్కుగా మార్చింది. గాయానికి పరిహారం పొందే హక్కు సైనికుడిదే. ఆ జబ్బు సైన్యంలో వచ్చిందేనని సైనికుడు నిరూపించుకోనక్కర్లేదు, కాదని ప్రభుత్వమే నిరూపించాలి అన్న సూత్రం కూడా అందులో ఉంది. 64వ అధికరణ ప్రకారం పెన్షన్‌కు కారణమైన వైకల్యానికి జీవితాంతం వైద్యం ఉచితం. చేతికి ఒక పుస్తకం ఇస్తారు, అది చూపిస్తే వైద్యం. నిరూపించే బరువు ఎవరి మీద అన్న ఆ ఒక్క మార్పు ఎంత పెద్దదో ఆలోచించండి. సైన్యం నుంచి వచ్చిన పదేళ్లకు వెన్నునొప్పి మొదలైన మనిషిని అడగండి, చెబుతాడు.

రెండోది, అదే ఏడాది బ్రిటిష్ ఇండియాలో ఏర్పడిన ఇండియన్ సోల్జర్స్ బోర్డు. సైనికుల, మాజీ సైనికుల సంక్షేమం గురించి ప్రభుత్వానికి సలహాలివ్వడం దాని పని. అదే తర్వాత పేర్లు మార్చుకుంటూ ఇవాళ్టి కేంద్రీయ సైనిక్ బోర్డు అయింది. రాష్ట్రాల్లో, జిల్లాల్లో దానికి శాఖలున్నాయి. పుదుచ్చేరిలోనూ సైనిక సంక్షేమ శాఖ ఉంది.

అక్కడ చట్టం, ఇక్కడ బోర్డు. చట్టం ఉంటే కోర్టుకెళ్లి అడగొచ్చు. బోర్డుకు అర్జీ పెట్టుకోవచ్చు. ఆన్సర్ రైటింగ్‌లో "హక్కుల ఆధారిత విధానం, సంక్షేమ ఆధారిత విధానం" అని మనం అలవాటుగా రాసే తేడాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

అయితే ఫ్రాన్స్‌ను ఆకాశానికెత్తడానికి ముందు ఆగండి. వలస దేశాల నుంచి తెచ్చుకున్న సైనికుల విషయంలో ఆ హక్కు ఏమైందో కూడా చూడాలి. 1959 డిసెంబరు 26 నాటి ఆర్థిక చట్టంలోని 71వ అధికరణ, పాత వలస దేశాల పౌరులైన మాజీ సైనికుల పెన్షన్లను ఉన్నచోటే గడ్డకట్టించింది. ఫ్రెంచి పౌరుడి పెన్షన్ ధరలతోపాటు పెరుగుతూ పోయింది. అతని పక్కనే నిలబడి పోరాడిన సెనెగల్ మనిషి పెన్షన్ మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. 743 మంది సెనెగల్ మాజీ సైనికులు ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీకి వెళ్తే, ఇది వివక్షేనని 1989లో కమిటీ చెప్పింది. 2001లో ఫ్రాన్స్ అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం డియోప్ కేసులో అదే మాట అంది. చివరికి 2010 మే 28న అక్కడి రాజ్యాంగ మండలి ఈ నిబంధనలను కొట్టేసింది. చట్టం అమల్లోకి వచ్చాక దాన్ని రాజ్యాంగబద్ధత మీద సవాలు చేసే కొత్త పద్ధతి ఫ్రాన్స్‌లో అప్పుడే మొదలైంది, ఆ పద్ధతిలో వచ్చిన మొట్టమొదటి తీర్పు ఇదే. పాలిటీ ఇష్టపడేవాళ్లు రాసుకోండి.

పుదుచ్చేరి సంగతి ఇక్కడే ఆసక్తిగా మారుతుంది. 1954 నవంబరు 1న ఈ నాలుగు ప్రాంతాల పాలన మన చేతికొచ్చింది. 1956 మే 28న ఒప్పందం మీద సంతకాలయ్యాయి, 1962 ఆగస్టు 16న అది చట్టబద్ధమైంది. ఆ తేదీ నుంచి ఆరు నెలల్లో ఇక్కడివాళ్లు ఫ్రెంచి పౌరసత్వం కావాలంటే ఎంచుకోవచ్చన్నారు. దాదాపు 5 వేల మంది ఎంచుకున్నారు. అలా ఫ్రెంచి పౌరులుగా ఉండిపోయిన సైనికులకు 71వ అధికరణ దెబ్బ తగల్లేదు. ఒక్క సంతకంతో, ముసలితనంలో తమకు ఎవరు బాధ్యులో వాళ్లు నిర్ణయించుకున్నారు, అప్పటికి తెలిసో తెలియకో. ఆ కుటుంబాలు ఇప్పటికీ ఈ ఊళ్లో ఉన్నాయి. ఫ్వాయే ద్యు సోల్దా అన్న పాత ఫ్రెంచి సైనికుల భవనం ఇంకా ఉంది.

సేవ ఒకటే అయినా, నిర్వచనం మారితే చేతికందేది మారిపోతుంది. ఇది ఫ్రాన్స్ జబ్బు మాత్రమే అనుకుంటే పొరపాటు. మన దగ్గరా ఉంది.

స్వాతంత్ర్యం తర్వాత చాలా ఏళ్లు మన మాజీ సైనికుడికి ఉన్నదల్లా సైనిక ఆసుపత్రి, అదీ పనిలో ఉన్నవాళ్లను చూశాక మంచాలు, మందులు మిగిలితే. సైనిక ఆసుపత్రులేమో కంటోన్మెంట్లలో ఉంటాయి. రిటైరైన జవాను సొంతూరు వెళ్లిపోతాడు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం, అదే అందరూ మిలటరీ మాధవరం అనే ఊరు, ఇంటికొకరు సైన్యంలోకి వెళ్లిన ఊరని పేరు. అలాంటి ఊరి నుంచి సైనిక ఆసుపత్రికి ఎంత దూరమో మ్యాపులో చూడండి. పుదుచ్చేరి నుంచైతే చెన్నై, దాదాపు 150 కిలోమీటర్లు. డెబ్బై ఏళ్ల మనిషి బీపీ మాత్రల కోసం పొద్దున బస్సెక్కి చెన్నై వెళ్లి రాత్రికి తిరిగి రావాలి.

1999లో మాజీ సైనికుల సంఘాల సమాఖ్య సుప్రీంకోర్టుకు వెళ్లింది. పూర్తి ఉచిత వైద్యం మా ప్రాథమిక హక్కు అన్నది వాళ్ల వాదన. కేసు నడుస్తుండగానే ప్రభుత్వం 2002 డిసెంబరులో ఈసీహెచ్‌ఎస్‌ను మంజూరు చేసి, 2003 ఏప్రిల్ 1 నుంచి మొదలుపెట్టింది. జిల్లాల్లో పాలిక్లినిక్‌లు, అక్కడ కుదరకపోతే రెఫరల్ మీద ఒప్పందం ఉన్న ప్రైవేటు ఆసుపత్రిలో నగదు కట్టకుండా వైద్యం. దానికి పెన్షన్‌ను బట్టి ఒక్కసారి చందా, అప్పట్లో 1,800 రూపాయల నుంచి 18,000 దాకా. మొదట 227 పాలిక్లినిక్‌లు, 2010లో వాటిని 426కి పెంచారు.

2006 ఆగస్టులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పిచ్చింది. దీన్ని ఎథిక్స్ పేపర్‌లోనూ వాడుకోవచ్చు. వైద్యం 21వ అధికరణలో భాగమే, అలాగని దానికి చందా అడగడం రాజ్యాంగ విరుద్ధం కాదు అంది కోర్టు. ప్రభుత్వ వనరులకు హద్దులుంటాయని 1998లో రామ్ లుభాయా బగ్గా కేసులో చెప్పిన మాటనే ఆధారం చేసుకుంది. 1996 జనవరి 1కి ముందు రిటైరైనవాళ్ల మీద మాత్రం చందా భారం వేయొద్దంది. నా అభిప్రాయం అడిగితే తీర్పు తప్పనను. కానీ చందా తీసుకున్నాక లెక్క మారుతుంది. డబ్బు కట్టించుకున్నవాడు దయ చూపిస్తున్నాననలేడు. ఇవాళ రిటైరయ్యే జవాను 30,000, జేసీఓ 67,000, అధికారి 1,20,000 కడుతున్నారు.

మరి తగ్గుదల ఎక్కడుంది? ఇక్కడ జాగ్రత్తగా రాయాలి, పరీక్షలో చాలామంది తప్పు చేసేది ఇక్కడే. "ప్రభుత్వం నిధులు తగ్గించేసింది" అని రాస్తే తప్పవుతుంది. ఈసీహెచ్‌ఎస్‌కు 2024–25 బడ్జెట్‌లో 6,968 కోట్లు, 2025–26లో 8,317 కోట్లు కేటాయించారు. కేటాయింపు పెరుగుతోంది. కానీ పథకం మీద ఆధారపడ్డవాళ్లు 60 లక్షల పైమాటే. వాళ్ల వయసూ, వైద్యం ఖరీదూ పెరుగుతున్నాయి. బిల్లులు నిధుల్ని దాటిపోతే ఆసుపత్రులకు చెల్లింపులు ఆగుతాయి. చెల్లింపులు ఆగితే ఆసుపత్రి ఈసీహెచ్‌ఎస్ రోగిని వెనక వరసలోకి నెడుతుంది, లేదా ఒప్పందం నుంచి తప్పుకుంటుంది. దానికి తోడు 2014 నాటి సీజీహెచ్‌ఎస్ ప్యాకేజీ రేట్లే పెద్ద మార్పు లేకుండా పదేళ్లు దాటి నడిచాయి. 2025 అక్టోబరులో గానీ వాటిని సమగ్రంగా సవరించలేదు. పాలిక్లినిక్‌లలో డాక్టర్లు, సిబ్బంది కాంట్రాక్టు మీద పనిచేస్తారు, మంచి జీతం దొరికితే వెళ్లిపోతారు. 2015లో కాగ్ ఈ పథకం మీద పెట్టిన పనితీరు ఆడిట్ నివేదిక, నెం. 51, మందుల కొరత గురించీ బిల్లుల ఆలస్యం గురించీ చెప్పింది. ఆసుపత్రులు ఎక్కువ వసూలు చేసిన సంగతీ అందులోనే ఉంది. ఆ మూడోది వదిలేయకండి, తప్పు ఒకవైపే లేదు.

మా పెదనాన్న సంగతి చెబుతాను. హవల్దారుగా రిటైరయ్యారు. రెండేళ్ల కిందట ఛాతీలో పట్టేసినట్టుందంటే పాలిక్లినిక్‌లో చూసి రెఫరల్ రాశారు. ఆ కాగితం, కార్డు పట్టుకుని నేనే తీసుకెళ్లాను. ఆసుపత్రి పేరు వద్దు. కౌంటర్లో అమ్మాయి మర్యాదగానే చెప్పింది, "ఈ కార్డు మీద ప్రస్తుతం అడ్మిషన్లు తీసుకోవట్లేదండీ, పాత బిల్లులు రావాలి" అని. పెదనాన్న నా వైపు తిరిగి, "ఏరా, చెల్లనిది కార్డా, నేనా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఇంకో ఊరికి, ఇంకో ఆసుపత్రికి వెళ్లాం. అక్కడ తీసుకున్నారు, మర్నాడు స్టెంట్ వేశారు. ఆయన బాగానే ఉన్నారు. ఆ మధ్యలో పోయిన నాలుగు గంటలు ఏ ఆడిట్‌లోనూ రావు.

(మీ ఇంట్లో కార్డున్నవాళ్లు ఉంటే ఒక్క మాట. ప్రాణం మీదకొస్తే రెఫరల్ కోసం ఆగక్కర్లేదు, ఏ ఆసుపత్రికైనా వెళ్లొచ్చు. ఒప్పందం లేని ఆసుపత్రి అయితే ముందు మీరు కట్టి తర్వాత క్లెయిమ్ చేసుకోవాలి. 48 గంటల్లోగా పాలిక్లినిక్‌కు తెలియజేయడం మర్చిపోవద్దు.)

అమెరికా వాళ్లు దీన్ని ఇంకోలా చేశారు. 1930 నుంచి మాజీ సైనికుల కోసం విడిగా ప్రభుత్వ సంస్థే ఉంది, సొంత ఆసుపత్రులున్నాయి. అయినా 2014లో ఫీనిక్స్ ఆసుపత్రిలో, రోగులు ఎంతకాలం ఎదురుచూస్తున్నారో బయటపడకుండా దొంగ జాబితాలు నడిపారని తేలి, ఆ శాఖ మంత్రి షిన్సెకీ రాజీనామా చేయాల్సి వచ్చింది. తర్వాత అక్కడా ప్రైవేటు వైద్యానికి తలుపులు తెరిచారు. ప్రభుత్వ ఆసుపత్రులా, ప్రైవేటుతో ఒప్పందాలా అన్నది రెండో ప్రశ్న. ఎంత ఆలస్యమవుతోందో నిజాయతీగా లెక్కపెట్టి బయటపెడుతున్నారా అన్నది మొదటి ప్రశ్న.

ఇక నిర్వచనం దగ్గరికి తిరిగి వద్దాం. ఈసీహెచ్‌ఎస్ మొదట్నుంచీ పెన్షన్‌కు ముడిపడింది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక పెన్షన్ లేకుండా ఇంటికి పంపేసిన సైనికులు అందులోకి రాలేదు. 1962 చైనా యుద్ధం తర్వాత ఎమర్జెన్సీ కమిషన్ మీద తీసుకున్న అధికారులూ, షార్ట్ సర్వీసు అధికారులూ రాలేదు. 2019 మార్చిలో కేంద్రం వీళ్లందరికీ తలుపు తెరిచింది. మంచి నిర్ణయం. కానీ లెక్కేయండి. 1945లో యుద్ధం ముగిసేనాటికి ఇరవై ఏళ్లున్న కుర్రాడికి 2019లో తొంభై నాలుగు. ఎంతమంది మిగిలి ఉంటారు?

ఆ తలుపు తెరిచిన మూడేళ్లకే, 2022 జూన్‌లో, అగ్నిపథ్ వచ్చింది. నాలుగేళ్ల సేవ, తర్వాత 25 శాతం మందికి మించకుండా కొనసాగింపు. మిగిలినవాళ్లకు సుమారు 11.71 లక్షల సేవానిధి. పెన్షన్ లేదు, మాజీ సైనికుడి హోదా లేదు, ఈసీహెచ్‌ఎస్ లేదు. సేవలో ఉండగా వైకల్యం వస్తే దాని శాతాన్ని బట్టి 44, 25 లేదా 15 లక్షల ఏకమొత్తం ఉంది. ప్రభుత్వ వాదన కూడా రాయాలి మీరు. సైన్యం సగటు వయసు తగ్గాలి, పెన్షన్ ఖర్చు ఆధునికీకరణను మింగేయకూడదు. అది తేలిగ్గా కొట్టిపారేసే వాదన కాదు. కానీ ఏకమొత్తం అన్నది ఇవాళ కనిపించే గాయానికి. ఇరవై రెండేళ్లకు బయటికొచ్చిన మనిషికి నలభై అయిదులో అరిగిన మోకాలు, పోయిన వినికిడి ఎవరి ఖాతాలోకి వెళ్తాయి? ఫ్రాన్స్ 1919లో జవాబు చెప్పడానికి ప్రయత్నించిన ప్రశ్న ఇదే. 2022 చివర్లో, 2023 మొదట్లో శిక్షణకు చేరిన మొదటి బ్యాచ్‌కు నాలుగేళ్లు నిండేది 2026 చివర్లో, 2027 మొదట్లో. అంటే ఇది ఇంటర్వ్యూ బోర్డులో మిమ్మల్ని అడిగే ప్రశ్న కూడా.

నేనైతే ఇలా జవాబు రాస్తాను. సేవలో వచ్చిన, సేవ వల్ల వచ్చిన జబ్బుకు వైద్యాన్ని పెన్షన్ నుంచి విడదీయాలి. నాలుగేళ్లు చేసినా నలభై ఏళ్లు చేసినా దానికి జీవితాంతం వైద్యం చట్టంలో ఉండాలి. మిగతా జబ్బులకు చందా పథకం ఉండొచ్చు. ఆసుపత్రికి బిల్లు ఎన్ని రోజుల్లో చెల్లించారో జిల్లాల వారీగా ప్రతి మూడు నెలలకూ ప్రకటించాలి. మీకు వేరే అభిప్రాయం ఉంటే రాయండి, 250 పదాల్లో.

మొన్న సెలవులకు యానాం వెళ్లాను. పెదనాన్న మనవడు పొద్దున్నే గోదావరి గట్టు మీద పరుగు ప్రాక్టీసు చేస్తున్నాడు. 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల్లో, అగ్నివీర్ ర్యాలీకి. పెదనాన్న అరుగు మీద కూర్చుని చూస్తూ, "వీడికి కార్డు ఇస్తారంటావా?" అని అడిగారు. "ఇవ్వరు పెదనాన్నా" అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. వాడు తిరిగి రాగానే, "సిమెంటు మీద పరిగెత్తకురా, మట్టి మీద పరిగెత్తు, మోకాళ్లు పోతాయి" అన్నారు.